ఐపీ68 ఫోన్ మున్నేరు వరదను తట్టుకుంటుందా?

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలోని బొక్కలగడ్డ, ప్రకాశ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు! అందుకే మన వైపు షాపుల్లో "వాటర్‌ప్రూఫా అన్నా?" అని అడగడం సహజం. "ఐపీ68 తమ్ముడూ, నీళ్లలో పడేసినా ఏం కాదు" అనే జవాబు మాత్రం సగమే నిజం.

ఐపీ68లో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 8 అంటే నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని. 7 అయితే 1 మీటరు లోతులో 30 నిమిషాలు. 8కి వచ్చేసరికి ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పుకోవచ్చు. గెలాక్సీ ఫ్లాగ్‌షిప్‌లకు శాంసంగ్ 1.5 మీటర్లు అంటే, ఐఫోన్ 12 నుంచి యాపిల్ 6 మీటర్లు అంటోంది. బాక్స్ మీద రెండింటికీ అదే 68!

ఇంకోటి, ఈ టెస్ట్ మంచినీళ్లతో చేస్తారు. బురద, మురుగు, పెట్రోలు కలిసిన వరద నీళ్లతో కాదు. సముద్రం, స్విమ్మింగ్ పూల్ దగ్గర ఫోన్లు వాడుతున్నట్టు యాడ్స్ వేసినందుకు 2022లో ఆస్ట్రేలియా కోర్టు శాంసంగ్‌కి 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అసలు దెబ్బ రిపేర్ దగ్గర తగులుతుంది. నీళ్లను ఆపేది లోపలి జిగురు, రబ్బరు సీలు. డిస్‌ప్లే మార్చాలంటే ఆ జిగురు విప్పాల్సిందే. మళ్లీ సరైన సీలు వేయకపోతే ఐపీ68 పేరుకే మిగులుతుంది. పైగా మామూలు వారంటీలో నీళ్ల డ్యామేజ్ కవర్ కాదు. లోపల చిన్న స్టిక్కర్ ఉంటుంది, తడిస్తే ఎర్రగా మారుతుంది. సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది దాన్నే. (2020 ఏప్రిల్ నుంచి ఫోన్లపై జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. ఇంత కట్టి కొన్నాక బోర్డు కూడా మన ఖర్చే అంటే ఒళ్లు మండుతుంది.)

ఫోన్ వరద నీళ్లలో తడిస్తే వెంటనే స్విచ్ ఆఫ్ చేయండి. ఆన్ అవుతుందేమోనని ఛార్జింగ్ అస్సలు పెట్టకండి, పోర్టు పిన్నులు తుప్పు పట్టేది అప్పుడే. బియ్యం డబ్బా వద్దు, దాని పొడి పోర్టులోకి పోతుంది. మెకానిక్ దగ్గర బోర్డు విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించడం మేలు, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

తక్కువ బడ్జెట్‌లో ఐపీ68 కోసం ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టొద్దనే నేనంటాను. వానాకాలంలో జిప్ పౌచ్ వాడండి, నీళ్ల డ్యామేజ్ కవరయ్యే ఇన్సూరెన్స్ ఉంటే ఆ షరతులు చదివి తీసుకోండి. "నీళ్లలో పడేసినా ఏం కాదు" అని చెప్పి అమ్మితే ఆ మాట మెసేజ్‌లోనో బిల్లు మీదో రాయించుకోండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు. ముందుగా 1915కి కాల్ చేసి చూడండి.