క్యాన్సర్‌ను పట్టిచ్చే నానో కణం: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు దారేది?

నల్లగొండ ఎన్‌జీ కాలేజీలోనో మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీలోనో బీఎస్సీ చదువుతున్నవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. నానో కణాలతో క్యాన్సర్‌ను పసిగట్టే పరిశోధనలోకి వెళ్లాలంటే సర్టిఫికెట్ మీద ‘నానో’ అనే మాట ఉండాల్సిన పని లేదు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ... వీటిలో ఏదో ఒకటి గట్టిగా రావాలి, ల్యాబ్‌లో చెయ్యి తిరగాలి. ఎక్కువ ఫీజు కట్టి పేరు గొప్ప కోర్సులో చేరే ముందు ఈ సంగతి ఆలోచించండి.

అసలు పనేమిటో చూద్దాం. సీటీ స్కాన్‌కు ముందు నరానికి ఎక్కించే అయోడిన్ మందు, ఎంఆర్ఐకి ఇచ్చే గాడోలినియం మందు చాలా చిన్న అణువులు. గడ్డను స్కాన్‌లో తేటగా చూపించి, కొద్ది గంటల్లో కిడ్నీల గుండా బయటికి పోతాయి. నానో కణం వాటికంటే పెద్దది. దాని పరిమాణాన్ని, పైపూతను మార్చి ఒంట్లో ఎంతసేపు తిరగాలో, ఎక్కడ ఆగాలో కొంతవరకు మనమే నిర్ణయించవచ్చు. ఐరన్ ఆక్సైడ్ కణాలనే తీసుకోండి. రక్తంలోకి ఎక్కించాక కాలేయంలోని కుప్ఫర్ కణాలు వీటిని మింగేస్తాయి. దాంతో ఆరోగ్యంగా ఉన్న కాలేయ భాగం ఎంఆర్ఐలో నల్లబడుతుంది. క్యాన్సర్ గడ్డలో సాధారణంగా కుప్ఫర్ కణాలు ఉండవు కాబట్టి అది తెల్లగానే మిగిలి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇలాంటి మందుకు అమెరికాలో 1996లోనే అనుమతి దొరికింది, కానీ తర్వాత మార్కెట్లో నిలవలేదు. 2009లో కిడ్నీ రోగుల రక్తహీనతకు వచ్చిన ఫెరుమాక్సిటాల్ కూడా ఐరన్ ఆక్సైడే. గాడోలినియం ఇవ్వడం ప్రమాదమనుకున్న రోగులకు డాక్టర్లు దాన్ని ఎంఆర్ఐలో వాడుతూ వచ్చారు.

మన దగ్గర ఈ పని జరగడం లేదనుకోవద్దు. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో చిత్తరంజన్ పాత్ర బృందం ఓలాక్స్ స్కాండెన్స్ అనే మొక్క ఆకుల రసంతో వెండి నానో కణాలు తయారుచేసి 2014లో ఆ ఫలితాలను ప్రచురించింది. అవి క్యాన్సర్ కణాల్లోకి వెళ్లి ఎర్రగా వెలిగాయి, ఆ కణాలను చంపే గుణమూ చూపించాయి. అయితే ల్యాబ్‌లో వెలిగినదంతా ఆసుపత్రికి చేరదు. టొరంటో శాస్త్రవేత్తలు పదేళ్ల పరిశోధనా పత్రాలు తిరగేసి 2016లో తేల్చిందేమిటంటే, జంతువులకు ఎక్కించిన నానో కణాల్లో గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగతావాటిలో చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. నా దృష్టిలో ఇది నిరుత్సాహపడాల్సిన అంకె కాదు. కొత్తగా వచ్చే విద్యార్థికి ఎంత పని మిగిలి ఉందో చెప్పే అంకె.

ల్యాబ్‌లో చెయ్యి తిరగడమంటే ఏమిటో బంగారు కణాల తయారీ చూస్తే తెలుస్తుంది. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని మరిగిస్తూ సోడియం సిట్రేట్ కలుపుతారు. లేత పసుపు రంగు పోతుంది, కాసేపటికి ఊదా ఛాయ వచ్చి, చివరికి ద్రాక్షసారా ఎరుపులో నిలుస్తుంది. యూవీ స్పెక్ట్రోమీటర్‌లో 520 నానోమీటర్ల దగ్గర శిఖరం వస్తే కణాలు చిన్నగా, విడివిడిగా ఉన్నట్టే. గాజు పాత్ర సరిగా కడగకపోతే కణాలు ముద్దకట్టి ద్రావణం నీలంగా మారుతుంది. అందుకే లెక్చరర్ పర్యవేక్షణలో, ఫ్యూమ్ హుడ్ కింద పాత్రల్ని ఆక్వా రీజియాతో కడుగుతారు. ఈ ఓపిక ఉన్నవాళ్లే పరిశోధనలో నిలబడతారు.

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి సీపీగెట్ రాయాలి. ఐఐటీలకైతే జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ. ఆ తర్వాత అసలు మెట్టు సీఎస్ఐఆర్ నెట్. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇంటి మీద భారం వేయకుండా పీహెచ్‌డీ చేయడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఇదే.

అన్నేళ్లు ఆగలేని కుటుంబాలే మన జిల్లాల్లో ఎక్కువ. ఇంటర్ బైపీసీ అయినవాళ్లు బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ చదివి సీటీ, ఎంఆర్ఐ గదుల్లో ఉద్యోగం చేయవచ్చు. రొమ్ము క్యాన్సర్ మొదట పాకే లింఫ్ గ్రంథిని వెతకడానికి టెక్నీషియం-99ఎం కొల్లాయిడ్ వాడతారు. అందులోనూ నానో పరిమాణం కణాలే ఉంటాయి. దాన్ని సిద్ధం చేసేది న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టులు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు ముంబై బార్క్ నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, ఇంటర్న్‌షిప్ పూర్తిచేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టులు కావచ్చు. రేడియేషన్‌తో పనిచేసే ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు, ఆ చదువును రేడియేషన్ భద్రతను చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల్లో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం దొరికినా చిన్నచూపు వద్దు. అక్కడ నేర్చుకున్న మెషీన్ల పని పరిశోధనలోనూ పనికొస్తుంది.

ఇప్పుడే డిగ్రీలో ఉన్నవాళ్లు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఎంపికైతే రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పని, చేతికి స్టైపెండ్. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు, నవంబరు రోజుల్లో తీసుకుంటారు. లెక్చరర్ సిఫార్సు కూడా కావాలి కాబట్టి, దసరా సెలవులు ఇచ్చేలోపే ఆయన్ను కలిసి అడగండి.