పాత కారులో చేయి దూరని సెన్సరు: పరీక్షయు, మార్పిడియు

ఇప్పుడు మన గ్రామములలో కారు వింత వస్తువు కాదు. పట్టణమున పది పదునైదు సంవత్సరములు తిరిగిన బండిని తక్కువ వెలకు కొని, కూరగాయల గంపలను సంతకు చేర్చుటకును, రోగిని ఆసుపత్రికి తీసికొని పోవుటకును వాడుకొనువారు మన సభ్యులలో అనేకులు గలరు. అట్టి బండ్లకు వచ్చు ఒక వ్యాధిని గూర్చియు, దాని చికిత్సను గూర్చియు ఈ పాఠమున వివరింతుము.

వ్యాధి లక్షణము

ఉదయము బండి చక్కగా బయలుదేరును. 20, 30 కిలోమీటర్లు పోయి ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట, ఏ హెచ్చరికయు లేక, దీపము నార్పినట్లు ఆగిపోవును. తాళము త్రిప్పిన స్టార్టరు తిరుగును గాని ఇంజను అందుకొనదు. అరగంట చెట్టునీడను నిలిపి మరల త్రిప్పినచో, ఏమియు జరుగనట్లే నడచును. మెకానికు వద్దకు పోవునప్పటికి రోగము కనబడదు. అతడు ఊహమీద పెట్రోలు పంపును మార్చును. మరుసటి వారము ప్లగ్గులను మార్చును. సొమ్ము పోవును, రోగము పోదు.

ఇది ధననష్టముతో ముగియు సంగతి కాదు. ఇంజను ఆగినంతనే పవరు స్టీరింగు సాయము పోయి చక్రము బరువెక్కును. బ్రేకునకు బలము నిచ్చు వాక్యూము ఒకటి రెండు తొక్కులకు మాత్రమే మిగులును. ఆపైన పెడలు రాయివలె గట్టిపడును. లారీలు పరుగెత్తు రహదారిపై గాని, రైలుగేటు వద్ద గాని ఇట్లు జరిగినచో ప్రాణాపాయము. అట్టి సమయమున బ్రేకును మాటిమాటికి తొక్కక, ఒక్కమారు గట్టిగా తొక్కిపట్టి, బండిని అంచునకు తేవలెను. కదలుచున్న బండిలో తాళమును పూర్తిగా వెనుకకు త్రిప్పరాదు, స్టీరింగు బిగిసిపోవచ్చును. “చల్లారిన పిమ్మట నడచుచున్నది గదా” యని ఈ వ్యాధిని ఉపేక్షింపకుడు.

కారణము

పిస్టనుల పైకిక్రిందికి కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చు ఇరుసును క్రాంకుషాఫ్టు అందురు. మన దేశమున 2000వ సంవత్సరము ప్రాంతమున పొగ నిబంధనలు కఠినమైన పిమ్మట, పెట్రోలు కార్లలో కార్బురేటరు స్థానమున, కంప్యూటరు ఆజ్ఞపై పెట్రోలును చిమ్ము ఏర్పాటు వచ్చెను. ఎప్పుడు చిమ్మవలెనో, ఎప్పుడు నిప్పురవ్వ నీయవలెనో నిర్ణయించుటకు ఆ కంప్యూటరునకు క్రాంకుషాఫ్టు ఏ స్థితిలో నున్నదో తెలియవలెను. దానిని తెలుపునదే క్రాంకు సెన్సరు.

అనేక కార్లలో ఈ ఇరుసుతోపాటు తిరుగు పండ్లచక్ర మొకటి యుండును. దానికి 60 పండ్ల చోటున్నను, 2 పండ్లను వదలి 58 మాత్రమే యుంచుదురు. పంటికి పంటికి నడుమ 6 డిగ్రీలు. ఖాళీయున్న చోటు చుట్టు మొదలునకు గుర్తు. జపమాలలో మేరుపూస వంటిదని తలపుడు. సెన్సరు కొనకును పండ్లకును నడుమ దూరము సుమారు 1 మిల్లీమీటరు. సెన్సరులోపల అయస్కాంతమును, దానిచుట్టు వెండ్రుకవంటి సన్నని రాగితీగయు నుండును. పన్ను దాటినప్పుడెల్ల తీగలో చిన్న విద్యుత్తరంగము పుట్టును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనులో సెకనునకు 50 చుట్లు, అనగా 2,900 తరంగములు. ఈ తరంగములు రాకపోయినచో ఇంజను తిరుగుటలేదని కంప్యూటరు తలంచి, నిప్పురవ్వను పెట్రోలును రెంటిని ఆపివేయును.

ఏండ్ల తరబడి వేడికిని అదరుటకును గురియైన ఆ సన్నని తీగ ఎచ్చటనో తెగును. చల్లగానున్నపుడు తెగిన కొనలు ఒకదాని నొకటి తాకియుండును. వేడికి వ్యాకోచించి ఎడమగును. బండి ఆగుటకును, చల్లారిన పిమ్మట నడచుటకును రహస్య మిదియే.

మార్చుటకు ముందు పరీక్ష

1. బండి ఆగినప్పుడు స్టార్టరును త్రిప్పుచు, ఇంజను చుట్లను చూపు ముల్లును గమనింపుడు. అనేక కార్లలో సెన్సరు బాగున్నచో ముల్లు కొంచెము లేచును. కదలనేకదలనిచో సెన్సరును శంకింపవచ్చును.

2. ఆగుటకు ముందు బండి కుదుపులతో దగ్గుచు ఆగినచో పెట్రోలు పంపును గాని, ఫిల్టరును గాని చూడవలెను. దీపములన్నియు ఒక్కసారిగా ఆరినచో బ్యాటరీ టెర్మినలును చూడవలెను. ఈ రెండును సెన్సరు దోషములు కావు.

3. మెకానికు వద్ద కంప్యూటరును చదువు పరికరమున్నచో చూపింపుడు. పి 0335 అను సంఖ్య వచ్చినచో దోషము క్రాంకు సెన్సరు మార్గమున నున్నదని అర్థము. సెన్సరే చెడినదని కాదు. తీగ తెగినను అదే సంఖ్య వచ్చును. అందుచే తీగను కొసవరకు చూడుడు. ధాన్యపు కొట్టము ప్రక్కన నిలిపిన బండిలో ఎలుకలు తీగలను కొరుకుట మనమెరుగనిది కాదు.

4. రెండు తీగల సెన్సరైనచో, దాని కనెక్టరును విప్పి, మల్టీమీటరుతో ఓములను కొలువుడు. పెక్కు కార్లలో ఇది కొన్ని వందల ఓముల నుండి వేయి, అంతకు కొంచెము పైవరకు నుండును. సరియైన సంఖ్య ఆ కారు పుస్తకమున నుండును. చల్లగా నున్నపుడొకమారు, బండి ఆగిన వెంటనే వేడిమీద నొకమారు కొలువవలెను. చల్లగా సరియైన సంఖ్య చూపి, వేడిమీద తీగ తెగినట్లు చూపినచో దోషి దొరికినట్లే. మూడు తీగల సెన్సరులు పెక్కు వేరు జాతివి. వానిని ఓములతో కొలువరాదు. కనెక్టరునకు విద్యుత్తు వచ్చుచున్నదో లేదో చూచి, తక్కిన పరీక్షను తెలిసినవారికి విడువుడు.

చోటు యొక్క చిక్కు

ఈ సెన్సరు వెల సాధారణముగా స్వల్పమే. శ్రమయంతయు దాని చోటును చేరుటలో నున్నది. కొన్ని కార్లలో ముందు పుల్లీ ప్రక్కను, కొన్నింట స్టార్టరు వెనుకను, కొన్నింట ఇంజనును గేరుబాక్సును కలియు చోటను ఉండును. ఈ చిక్కునకు అమెరికాలోని జీపు చెరోకీ ప్రసిద్ధమైన ఉదాహరణము. 1987 నుండి 2001 వరకు 4.0 లీటర్ల ఇంజనుతో వచ్చిన ఆ బండ్లలో క్రాంకు సెన్సరు ఇంజను వెనుక, గేరుబాక్సు తొడుగుపై నుండును. పైనుండి కంటికి సరిగా కానరాదు, చేయి దూరదు. అచ్చటివారు బండిక్రింద పండుకొని, ఎక్స్‌టెన్షను కడ్డీలను ఒకదానికొకటి తగిలించి సుమారు రెండడుగుల పొడవు చేసి, కొనను వంగు కీలు నుంచి, దూరమునుండియే బోల్టును విప్పుదురు. చేయి పోనిచోటికి పనిముట్టును పంపుటయే ఇందలి ఉపాయము. మన బండ్లకును ఇదే పనికివచ్చును.

మార్చు విధానము

1. ఇంజను పూర్తిగా చల్లారనిండు. బ్యాటరీ నెగెటివు టెర్మినలును తీసివేయుడు.

2. క్రిందనుండి చేయు పనియైనచో బండిని గట్టి సమనేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, ఇనుప స్టాండ్లపై దింపవలెను. జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందకు దూరువాడు తన ప్రాణమును ఒక చిన్న రబ్బరు వాషరునకు అప్పగించినవాడగును. ఇటుకలును పనికిరావు, బరువునకు హఠాత్తుగా పగులును.

3. కనెక్టరును విప్పి, పాత తీగ కొసకు గట్టి దారమును కట్టుడు. సంచి నోటికి త్రాడెక్కించునట్లు, పాత తీగను క్రిందికి లాగినపుడు దారము దాని వెంట వచ్చును. క్రొత్త తీగను ఆ దారముతోనే పైకి లాగవచ్చును. తీగ పోయిన దారి తప్పదు.

4. బోల్టు చుట్టు మట్టిని బ్రష్షుతో దులిపి, తుప్పు వదలించు నూనెను చల్లి కొంతసేపు ఆగుడు. సాకెట్టు తలపై పూర్తిగా కూర్చున్నదని వ్రేలితో తెలిసికొనిన పిమ్మటనే త్రిప్పవలెను. తల అరిగినచో చిన్నపని పెద్దపనియగును.

5. సెన్సరు రంధ్రమున పట్టుకొని యున్నచో కుడియెడమలకు మెల్లగా త్రిప్పుచు లాగుడు. స్క్రూడ్రైవరుతో ఎగదన్నినచో కొన విరిగి లోపల మిగులును.

6. తీసిన సెన్సరును, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి పొడవు, రంధ్రము, కనెక్టరు సరిపోల్చుడు. పాతదాని కొనకు ఇనుపరజను ఎక్కువగా అంటియున్నచో, అరుగుదల ఎచ్చటనో జరుగుచున్నదని గ్రహించి మెకానికునకు చూపవలెను.

7. రంధ్రమును శుభ్రపరచి, రబ్బరు ఉంగరమునకు ఒకచుక్క ఇంజనునూనె రాచి, సెన్సరును చేతితో అదిమి కూర్చుండబెట్టుడు. సుత్తి వాడరాదు. కొన్ని క్రొత్త సెన్సరుల కొనకు పలుచని కాగితపు బిళ్ళ యుండును; అది ఎడము నిలుపుటకై పెట్టినది గావున తీయకుడు.

8. బోల్టు జారి గేరుబాక్సు తొడుగులో పడినచో దానిని తీయుట మహాకష్టము. సాకెట్టులో కొంచెము గ్రీజు నుంచినచో బోల్టు అంటుకొని నిలుచును. మొదటి చుట్లను వ్రేళ్ళతోనే త్రిప్పి, తరువాత మణికట్టు బలముతో మాత్రము బిగింపుడు. అల్యూమినియములోని మర అధికబలమునకు తెగిపోవును.

9. తీగను సైలెన్సరు గొట్టమునకు దూరముగా, పూర్వపు క్లిప్పులలోనే అమర్చుడు. స్టాండ్లను తీసిన పిమ్మటనే ఇంజనును నడపుడు. కొన్ని కార్లలో క్రొత్త సెన్సరును కంప్యూటరునకు పరికరముతో నేర్పవలసియుండును.

పని ముగిసిన దినముననే దూరప్రయాణము చేయక, ఊరిచుట్టు ముప్పావుగంట నడపి, బాగుగా వేడెక్కిన పిమ్మట రెండు మూడు మార్లు ఆపి నడపి చూడుడు. రోగము వేడిలో పుట్టినది. నయమైనదను సాక్ష్యమును వేడిలోనే తీసికొనవలెను.

సంఘ సభ్యులకు మనవి

మల్టీమీటరు, రెండు జతల స్టాండ్లు, పొడవైన ఎక్స్‌టెన్షను కడ్డీలు—ఇవి ఒక్కొక్కరికి ఏటికొకమారు కూడ అక్కరపడవు. ఒకే యొకడు కొనుట దుబారా. ఎవరును కొనకుండుట ప్రమాదము. ఐదారుగురు సభ్యులు కలిసి కొని సంఘపు గదిలో నుంచి, తీసికొనిన తేదీని తిరిగి యిచ్చిన తేదీని పుస్తకమున వ్రాసికొనినచో ఊరంతటికి చాలును. పనికి దిగునపుడు ఒంటరిగా దిగక, తోటిసభ్యు నొకరిని ప్రక్కన నుంచుకొనుడు. పరీక్షింపక మార్చిన వస్తువు చేనికి తెగులేదో తెలియక చల్లిన మందు వంటిది. మొదట తెలిసికొనుడు, పిమ్మట కొనుడు, తొందరలేక మార్చుడు.