కాకినాడ టౌన్ రైల్వే స్టేషన్ - చరిత్ర, సేవలు, విద్యార్థులకున్న రాయితీలు

హాస్టల్లో చేరడానికి కాకినాడ వచ్చిన రోజున మాలో సగంమందిమి దిగింది టౌన్ స్టేషన్‌లోనే. చేతిలో రేకు పెట్టె, చంకలో చాప, జేబులో కుల ధృవీకరణ పత్రం, పక్కన నాన్నో మేనమామో. ఆ రోజు ఈ స్టేషన్ గురించి మాకు తెలిసింది ఒక్కటే. ఇక్కడ దిగకపోతే రైలు పోర్టు దాకా పోయి ఆగిపోతుంది, ఆ తరువాత సముద్రమే. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఎక్కామో, ఎన్నిసార్లు దిగామో లెక్కలేదు కాని, దీని చరిత్ర ఏమిటని అడగాలని తోచలేదు. ఇప్పుడు పి.జి.కి వచ్చాక తెలుసుకున్న కొన్ని సంగతులు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా స్టేషన్ కోడ్ చూడండి. కాకినాడ టౌన్‌కు సి.సి.టి., కాకినాడ పోర్టుకు సి.ఓ.ఎ. అని ఉంటుంది. 'కె' ఉండాల్సిన చోట 'సి' ఏమిటని మేమూ తికమకపడ్డాము. ఆంగ్లేయులు ఈ ఊరిని 'కోకనాడ' అని, అది కూడా 'సి' అక్షరంతో రాసేవారు. ఊరి పేరు మారింది, కోడ్ మాత్రం అలాగే ఉండిపోయింది. లింగంపల్లి వెళ్లే ఒక రైలుకు కూడా కోకనాడ ఎక్స్‌ప్రెస్ అనే పేరు పెట్టారు. గౌతమి ఎక్స్‌ప్రెస్ పేరు మన గోదావరి పాయది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరు ఉత్తర సర్కారులది. బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ పేరు తిరుమల కొండది. రైళ్ల పేర్లు వరుసగా చదివితే సగం సాంఘిక శాస్త్రం వచ్చేస్తుందని మాలో ఒకరు అంటుంటారు.

ఇక చరిత్రకు వద్దాము. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 - 1896 మధ్య పూర్తయింది. కాని అప్పటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన లేదు. 56 స్పాన్ల హేవలాక్ వంతెన తెరిచాకే నది మీదుగా రైలు సాగింది. ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 1901లో ఈ లైను దక్షిణ భాగం మద్రాసు రైల్వే చేతికి వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు.

ఈ పెద్ద లైను కాకినాడకు రాలేదు. సామర్లకోట మీదుగా వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఒక శాఖ సుమారు 13 కిలోమీటర్లు ఇటు వచ్చి, టౌన్ దాటి పోర్టు దగ్గర ముగిసింది. హౌరా - చెన్నై రైళ్లు పట్టుకోవాలంటే ఇంత పెద్ద ఊరివాళ్లు కూడా సామర్లకోట పోవలసిందే. పిఠాపురం మనకు పక్కనే ఉన్నా, రైలులో వెళ్లాలంటే సామర్లకోట చుట్టి వెళ్లాలి. కాకినాడ - పిఠాపురం లైను వేసి ఊరిని మెయిన్ లైనులో కలపాలని దశాబ్దాలుగా కోరుతున్నది ఇందుకే. అయితే శాఖా లైనే కదా అని చిన్నచూపు చూడనక్కరలేదు. ఎరువులు, బొగ్గు, బియ్యం మోసే గూడ్సు బండ్లకు ఇది ముఖ్యమైన దారి.

మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది కోటిపల్లి లైను. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్లు రైలు మార్గం వేశారు. కరప, వాకాడ, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా అది గౌతమి గట్టుకు చేరేది. పన్నెండేళ్లు తిరగకుండానే, 1940లో, రెండవ ప్రపంచ యుద్ధ అవసరాలకని పట్టాలు ఊడదీశారు. ఎక్కడో జరిగే యుద్ధానికి మన పల్లెల రైలు పోయింది. మాలో ఒకరి మామ్మది వేళంగి వైపు. "చిన్నప్పుడు రైలు కట్ట మీదుగానే చేలోకి పోయేవాళ్లమమ్మా. రైలు కట్ట అనడమే గాని, దానిమీద రైలు ఎప్పుడూ చూడలేదు" అని ఆవిడ చెప్పేది.

ఆ లైను తిరిగి రావడానికి పట్టుబట్టి పనిచేసినవారు జి.ఎం.సి. బాలయోగి గారు. గౌతమి అవతల ఎదుర్లంకలో దళిత కుటుంబంలో పుట్టి, అమలాపురం ఎం.పి.గా ఎన్నికై, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా కోనసీమ మీదుగా 57 కిలోమీటర్ల కొత్త లైను 2000 - 01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటవలసిన లైను అది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో బాలయోగి గారు కన్నుమూశారు. కాకినాడ - కోటిపల్లి మధ్య 2004లో మళ్లీ రైలు నడిచింది, ఆయన చూడలేదు. అంటే ఊడదీసిన పట్టాలు తిరిగి రావడానికి 64 ఏళ్లు పట్టింది. ఆ దారిలో నడిచిన రైలు బస్సు వస్తుంటే మేము చిన్నప్పుడు గేటు దగ్గర నిలబడి చేతులూపేవాళ్లము. 2020లో కరోనా వచ్చి అదీ ఆగింది. ఇన్నేళ్ల పోరాటం తరువాత వచ్చినది అంత తేలికగా ఆగడం మాకు కష్టంగానే తోచింది.

స్టేషన్ సేవల విషయానికొస్తే, రిజర్వేషన్ కౌంటరు, వెయిటింగ్ హాలు అందరికీ తెలిసినవే. కొత్త హంగుల కోసం అమృత్ భారత్ స్టేషన్ పథకంలో కాకినాడ టౌన్‌ను చేర్చారు. మనలో చాలామందికి తెలియనిది వేరే ఉంది. ఇంటికి, చదువుకునే ఊరికి మధ్య ప్రయాణానికి విద్యార్థులకు సెకండ్ క్లాసు, స్లీపర్ క్లాసులలో రాయితీ ఉంది. సాధారణ విద్యార్థులకు 50 శాతం, ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు 75 శాతం. విద్యాయాత్రలకు కూడా ఇది వర్తిస్తుంది. 2020లో చాలా రాయితీలు తీసేసినప్పుడు కూడా విద్యార్థుల రాయితీ ఉంచారు. ఇంటి నుంచి రోజూ రైలులో వచ్చి చదివే ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు 12వ తరగతి దాకా సెకండ్ క్లాసు నెలవారీ పాసు ఉచితం. రైల్వే ఉద్యోగ పరీక్షలకు వెళ్లే ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు ఉచిత ప్రయాణ సౌకర్యం కూడా ఉంది. కాల్ లెటర్ వచ్చినప్పుడు అందులో ఆ సంగతి ఉందేమో చూసుకోవాలి.

మేము ఇదంతా ఆలస్యంగా తెలుసుకున్నాము. మా ఇళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో మేమే మొదటివాళ్లము. అడగడానికి ఇంట్లో అన్నయ్యలు లేరు, అక్కయ్యలు లేరు. మాలో పలాస వైపు నుంచి వచ్చినతను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక కాలేజీ ఆఫీసుకు వెళ్లి అడిగితే, "అలాంటి ఫారాలేమీ ఉండవు, వెళ్లు" అన్నారట. అతను సరేనని వచ్చేశాడు. రెండేళ్లు ప్రతి దసరాకీ, ప్రతి సంక్రాంతికీ పూర్తి టికెట్ కొన్నాడు. ఉపాధి హామీ పనికి వెళ్లి వాళ్లమ్మ పంపిన డబ్బు అది. డిగ్రీలో చేరాక ఒక లెక్చరర్ గారు చెబితే ఫారం చేతికొచ్చింది. కౌంటరులో టికెట్ మీద ఛార్జీ చూసి ఇది వేరే ఊరి టికెట్టేమో అనుకున్నాడు.

కాబట్టి సెలవులకు ముందే సిద్ధం కండి. రాయితీ ఫారం మీ విద్యాసంస్థ ఆఫీసులో ఇవ్వాలి, తెల్లకాగితం మీద రాసినది చెల్లదు. ప్రిన్సిపాల్ గారి సంతకం, కాలేజీ ముద్ర ఉండాలి. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులు ఆ సంగతి ఫారంలో నమోదయిందో లేదో చూసుకోవాలి. లేకపోతే 75కు బదులు 50 శాతమే ఇస్తారు. ఈ టికెట్ సెల్‌ఫోనులో దొరకదు, కౌంటరుకే వెళ్లాలి. రాయితీ అసలు ఛార్జీ మీదే, రిజర్వేషన్ రుసుము మామూలుగానే కట్టాలి. ఆఫీసులో ఫారాలు లేవంటే, రైల్వే నుంచి తెప్పించమని అర్జీ రాసి పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా గదికి రండి. కలం మీరే తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నవి ఎవరో ఒకరు పట్టుకుపోతూనే ఉంటారు.