బాగుంది అంటే సరిపోదు
(పెద్ద తరగతి పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ నవలలపై ఒక పాఠం)

పన్నెండేళ్ళు దాటిన మన పిల్లల సంచిలో రెండు పుస్తకాలు కనిపిస్తాయి. ఒకటి తెలుగు వాచకం. పలచగా, కొత్తగా, అట్ట నలగకుండా ఉంటుంది. రెండోది నాలుగు వందల పేజీల ఇంగ్లీషు నవల. మూలలు మడిగిపోయి ఉంటాయి. కాబట్టి పిల్లలకు చదివే ఓపిక లేదనడం సరికాదు. ఆ వయసుకు తగిన కథ తెలుగులో వారి చేతికి అందడం లేదు. పదమూడేళ్ళ పిల్లకు కుందేలు, తాబేలు కథ ఇచ్చి "తెలుగు ఎందుకు చదవవు?" అని అడిగితే తప్పు ఆ పిల్లది కాదు.

అందుకని ఈసారి సంచికలో మేము పద్యం, వ్యాకరణం పక్కన పెట్టి, మన పిల్లలు ఇష్టపడే నవలల మీద మా అభిప్రాయాలు రాస్తున్నాం. ప్రతిదానికీ జతగా ఒక తెలుగు పుస్తకం చూపిస్తున్నాం. మాతో మీరు ఏకీభవించనక్కరలేదు. కాకపోతే "నచ్చలేదు" అన్నాక "ఎందుకంటే" అని ఇంకో వాక్యం చెప్పాలి. ఈ పాఠం అంతా ఆ "ఎందుకంటే" కోసమే.

ముందు మూడు ప్రశ్నలు

ఏ నవల మూసినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఈ కథ ఎవరి గొంతుతో వినిపిస్తోంది?
రెండు: ఆ మనిషికి ఏం కావాలి? ఏది అడ్డం వస్తోంది?
మూడు: చివరి పేజీకి వచ్చేసరికి ఆ మనిషిలో ఏం మారింది?

మూడింటికీ జవాబు దొరికితే మీ దగ్గర ఒక అభిప్రాయం ఉన్నట్టే. ఇప్పుడు ఈ ప్రశ్నలతో కొన్ని పుస్తకాలు చూద్దాం.

అల్లరి పిల్లల డైరీలు

జెఫ్ కిన్నీ రాసిన 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్' మొదటి పుస్తకం 2007లో వచ్చింది. చేతిరాత లాంటి అక్షరాలు, పేజీ పేజీకీ బొమ్మలు, తన తప్పు తనకు కనిపించని గ్రెగ్ అనే కుర్రాడు. ఇందులో నీతి లేదని కొందరు పెద్దలు విసుక్కుంటారు. మాకు మాత్రం ఆ పుస్తకంలో గొప్ప అదే అనిపిస్తుంది. గ్రెగ్ తనను తాను సమర్థించుకుంటూ ఉంటే, అతడు ఎక్కడ తప్పు చేశాడో చదివే పిల్లలే పట్టుకుంటారు. ఎవరూ వేలు పెట్టి చూపించనక్కరలేదు.

తెలుగులో ఈ పని అంతకు యాభై ఏళ్ళ ముందే జరిగింది. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. బొమ్మలు బాపు వేశారు. బుడుగు, సీగాన పెసూనాంబ, రెండుజెళ్ళ సీత, పక్కింటి పిన్నిగారు, వీళ్ళందరి గురించీ మాట్లాడేది ఆ చిన్న పిల్లాడే. ఒక చిక్కు ఉంది. బుడుగు మాటలు చెవికి అందినంత సులువుగా కంటికి అందవు. అందుకని బుడుగును పిల్లల చేతికిచ్చి వదిలేయకండి. అమ్మో నాన్నో గట్టిగా చదవాలి. రెండు పేజీలు వింటే మూడో పేజీ వాళ్ళే లాక్కుంటారు.

మంత్రాలు, మాంత్రికులు

హ్యారీ పోటర్ నవలలు 1997 నుంచి 2007 వరకు ఏడు వచ్చాయి. మొదటిది 'హ్యారీ పోటర్ పరుసవేది' పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. ఇంగ్లీషులో ఇప్పటికే చదివేసిన పిల్లలకు తెలుగు చదవడం నేర్పడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. కథ తెలుసు కాబట్టి తెలియని మాట వచ్చినా ఆగిపోరు.

అయితే మాంత్రికుల కథలు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1947 జూలైలో మొదలైన 'చందమామ'లో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క', 'జ్వాలాద్వీపం', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం' లాంటి సీరియళ్ళు రాశారు. పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. రచయిత ఎవరో తెలియకుండానే కొన్ని తరాల పిల్లలు ఆ కథల కోసం నెల నెలా ఎదురు చూశారు. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది.

రెండింటినీ పోలిస్తే మా అభిప్రాయం ఇది. ఉత్కంఠలో దాసరి వారిదే పైచేయి. ప్రతి భాగం ఒక ప్రమాదం దగ్గర ఆగుతుంది. కానీ మూడో ప్రశ్న వేస్తే పోటర్ నెగ్గుతాడు. చందమామ వీరులు మొదటి నెలలో ఎలా ఉన్నారో చివరి నెలలోనూ అలాగే ఉంటారు. హ్యారీ పదకొండేళ్ళ నుంచి పదిహేడేళ్ళకు ఎదుగుతాడు. కోపం తెచ్చుకుంటాడు, పొరబడతాడు, దగ్గరివాళ్ళను పోగొట్టుకుంటాడు. టీనేజీ పిల్లలు అతణ్ణి వదలకపోవడానికి కారణం మంత్రదండం ఒక్కటే కాదు.

అమ్మానాన్నలు దాచుకుని చదివినవి

పిల్లలూ, మీ అమ్మానాన్నలను ఒక మాట అడగండి. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని ఏ నవల చదివారని! చాలా ఇళ్ళలో జవాబు యండమూరి వీరేంద్రనాథ్ అనో, మధుబాబు 'షాడో' అనో వస్తుంది.

జాన్ గ్రీన్ నవల 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' 2012లో వచ్చినప్పుడు ఎంతోమంది పిల్లలు కన్నీళ్ళు పెట్టుకుని చదివారు. జబ్బు నీడలో ప్రేమ కథ. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' దానికి చాలా ముందటిది. రేవంత్ అనే చదరంగం ఆటగాడికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తన నంబరు కనుక్కోమని పజిల్స్ ఇస్తుంది. పేజీలు వాటంతట అవే తిరుగుతాయి. మా అభ్యంతరం ఒక్కటే. ఆ అమ్మాయి మరీ తెలివైనది, మరీ మంచిది. ఆమెను దూరం నుంచి మెచ్చుకుంటాం గానీ పక్కింటి మనిషిగా నమ్మలేం. గ్రీన్ నవలలో హేజెల్ విసుక్కుంటుంది, వెటకారమాడుతుంది, కథను తనే చెబుతుంది. మొదటి ప్రశ్న గుర్తుందా? గొంతు ఎవరిది అన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది.

హింస ఉంటే చదవకూడదా?

సుజేన్ కాలిన్స్ 'ద హంగర్ గేమ్స్' (2008) గురించి తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడుగుతుంటారు. పిల్లలు పిల్లలను చంపే పోటీ కథ ఎందుకు చదవనివ్వాలి అని. పదమూడేళ్ళు దాటాక చదవనివ్వవచ్చని మా ఉద్దేశం. చెల్లెలి పేరు చీటీలో వస్తే పదహారేళ్ళ కాట్నిస్ తాను వెళతానంటుంది. ఆ పోటీని టీవీలో వినోదంగా చూసేవాళ్ళ మీదే రచయిత్రి కోపం. హింసను చూసి చప్పట్లు కొట్టే కథ వేరు, ఆ చప్పట్లను ప్రశ్నించే కథ వేరు. ఈ తేడా పిల్లలతో మాట్లాడండి. పుస్తకం లాక్కుంటే ఆ మాటకు అవకాశమే ఉండదు.

మన చెవికి దగ్గరగా: కొండపొలం

ఇప్పుడు ఈ పాఠానికి ముఖ్యమైన పుస్తకం. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. కరువు వచ్చి ఊళ్ళో మేత, నీళ్ళు కరువైనప్పుడు గొర్రెల మందలను అడవికి తోలుకుపోయి కొన్ని వారాలు అక్కడే మేపడాన్ని కొండపొలం అంటారు. ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క ఇంటికి వచ్చిన రవి, తండ్రితోనూ తోటి కాపరులతోనూ నల్లమలకు వెళతాడు. అక్కడ పులి ఉంది, దొంగలున్నారు, దాహం ఉంది.

డిగ్రీ చేతపట్టుకుని అమీర్‌పేటలో కోర్సుల చుట్టూ తిరిగిన మాలాంటి వాళ్ళకు రవి భయం బాగా తెలుసు. ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగలని కుర్రాడు అడవిలో ధైర్యం ఎలా నేర్చుకున్నాడన్నదే కథ. నేర్పినవాళ్ళు ప్రొఫెసర్లు కారు. గాలి వాసన చూసి, జీవాల చూపు చూసి అడవిని చదివే మనుషులు. మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి. చెట్ల పేర్లు, కొండల పేర్లు చాలా వస్తాయి. ఆ భాగంలో తొందరపడి పుస్తకం పక్కన పెట్టకండి. అడవిలోకి వెళ్ళాక ఆ పేర్లే దారి చూపిస్తాయి.

కువైట్‌లో ఈ నవల చదవడానికి ఇంకో కారణం ఉంది. ఈ దేశానికి రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది తెలుగువాళ్ళు వచ్చారు. డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, ఇళ్ళలో పనివాళ్ళుగా ఉన్నారు. ఫర్వానియాలోనో, జిలీబ్‌లోనో, మాలియాలోనో బజారుకు వెళితే "యాడికి పోతాండావు?" అనే మాట వినిపిస్తుంది. మన పిల్లలు కొందరు అది విని నవ్వుతారు. తప్పు తెలుగు అనుకుంటారు. బహుమతి పొందిన నవలలో ఆ నుడి అచ్చులో కనిపిస్తే, ఆ మాట తప్పు కాదనీ ఒక నేల మాట అనీ వాళ్ళకే తెలుస్తుంది. మేము ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

చదివే ముందు కొన్ని సీమ మాటలు నేర్చుకోండి:
యాడ – ఎక్కడ
వస్తాండా – వస్తున్నాను
నాయన – నాన్న
జేజి – నానమ్మ
జీవాలు – గొర్రెలు, మేకలు
సద్ది – వెంట తీసుకెళ్ళే అన్నం

చిన్నవాళ్ళకు కూడా తెలుగులో కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం 2010లో మొదలైంది. ఆ మొదటి ఏడాది తెలుగులో కలువకొలను సదానంద 'అడవి తల్లి'కి, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయా లోకం'కు వచ్చింది. ఊరికి వెళ్ళినప్పుడు స్వీట్ల డబ్బాల పక్కన వీటికి కాస్త చోటు పెట్టండి.

మనం ఉంటున్న దేశం నవల

పదహారేళ్ళు దాటినవారికి ఒకటి. కువైటీ రచయిత సౌద్ అల్ సనూసీ నవల 'ద బాంబూ స్టాక్' 2013లో అరబిక్ నవలలకిచ్చే అంతర్జాతీయ బహుమతి గెలుచుకుంది. 2015లో ఇంగ్లీషులోకి వచ్చింది. కువైటీ తండ్రికీ, ఆ ఇంట్లో పనిచేసిన ఫిలిప్పీన్స్ తల్లికీ పుట్టిన కుర్రాడి కథ ఇది. అక్కడ అతడు హోసే, ఇక్కడ ఈసా. వెదురును నరికి ఎక్కడ నాటినా వేళ్ళు పోసుకుంటుందట. మనిషికి అది కుదురుతుందా అని అతడి ప్రశ్న.

రెండు దేశాల మధ్య పెరిగే మన పిల్లలకు ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. పెద్దలకు మాత్రం ఈ పుస్తకం కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చు. పనిమనిషి కొడుకు తన గొంతుతో కథ చెబుతుంటే, మన ఇంటికి వచ్చే తెలుగు అక్క ఇక్కడికి రావడానికి ఎవరిని వదిలి వచ్చిందో గుర్తొస్తుంది. ఆ ఇబ్బంది మంచిదే. తల్లిదండ్రులు ముందు చదివి, తర్వాత పిల్లలకివ్వండి.

మేము చెప్పదలచుకున్నది ఇంతే. రోజూ చూస్తూ కూడా మనం వినని మనిషి గొంతు మంచి నవలలో వినిపిస్తుంది. గొర్రెల కాపరి గొంతు తెలుగులో ఉంది. ఆ గొంతు వినాలంటే తెలుగు చదవడం రావాలి. మన బడి పన్నెండేళ్ళకు ఆగిపోకూడదని మేము పట్టుబట్టేది అందుకే.

అభ్యాసం

1. మీకు నచ్చిన ఒక ఇంగ్లీషు నవల కథను పది తెలుగు వాక్యాల్లో రాయండి. "బాగుంది" అనే మాట వాడకండి.
2. బుడుగు, గ్రెగ్ ఒకే బడిలో చదివితే ఏమవుతుంది? ఒక పేజీ రాయండి. బొమ్మలు కూడా వేయండి.
3. 'కొండపొలం' నవలకూ సినిమాకూ ఉన్న తేడాల్లో మూడు రాయండి. ఏ మార్పు మీకు నచ్చింది? ఎందుకని?
4. ఈ పాఠంలో మా అభిప్రాయం ఒకటి ఎంచుకుని, అది సరికాదని కారణాలతో వాదించండి. బాగా వాదించినవారి వ్యాసం తరగతిలో అందరికీ చదివి వినిపిస్తాం.
5. మీకు తెలిసిన రాయలసీమ లేదా గోదావరి పెద్దవారి దగ్గర కూర్చుని పది కొత్త మాటలు అడిగి రాసుకోండి. ఆ మాటల పక్కన వారి ఊరి పేరు రాయడం మరిచిపోకండి.