గుహలో బస – ఊరికి మిగిలేది ఎంత?



తిరువలం దగ్గర మనం దాటే పొన్నై నది చిత్తూరు జిల్లా వైపు నుంచి వస్తుంది. అక్కడ దాని పేరు నీవా. ఈ నది వెంట ఎగువకు వెళితే మేల్పాడి, ఆ దగ్గరలోనే వళ్లిమలై కొండ వస్తాయి. వళ్లిమలై అనగానే మన పెద్దలకు సుబ్రహ్మణ్యస్వామి గుడి గుర్తుకు వస్తుంది. అదే కొండపై జైన గుహలు కూడా ఉన్నాయి. పశ్చిమ గంగ వంశపు రాజమల్లుని కాలం నాటి శాసనాలు, రాతిపై చెక్కిన జైన విగ్రహాలు అక్కడ చూడవచ్చు. జైన ఆలయాన్ని ‘బసది’ అంటారు. ఆ మాట ‘వసతి’ నుంచి వచ్చింది. మీరు చదువుకునే ఊళ్లో ఉండే వసతి గృహంలోని మాటా అదే!

గుహలో చల్లగా ఎందుకు ఉంటుంది?

మందమైన రాయి నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లబడుతుంది. అందుకే బయట ఎండ మండుతున్నా లోపల హాయిగా ఉంటుంది, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. టర్కీలోని కప్పడోసియాలో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి ఉంది. దాన్ని తొలిచి జనం ఇళ్లు, గుడులు కట్టుకున్నారు. నేడు వాటిలో కొన్ని యాత్రికులకు బస గదులయ్యాయి. మన కొండలది గట్టి రాయి. ఇక్కడ మనకు దొరికేవి ఎక్కువగా బండల కింద సహజంగా ఏర్పడిన గుహలే.

మతేరా నేర్పే పాఠం

ఇటలీలోని మతేరా పట్టణంలో పేదలు తరతరాలుగా గుహ ఇళ్లలో పశువులతో కలిసి బతికారు. నీటికి, ఆరోగ్యానికి కటకటే. 1952లో ప్రభుత్వం చట్టం చేసి, సుమారు 15,000 మందిని కొత్త ఇళ్లకు తరలించింది. 1986లో ఆ పాత ఇళ్లను బాగుచేయడానికి మరో చట్టం వచ్చింది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఒకప్పుడు సిగ్గుగా భావించిన గుహల్లో ఇప్పుడు హోటళ్లున్నాయి. అయితే ఒక ప్రశ్న మిగిలింది: అక్కడ పుట్టిన కుటుంబాలకు ఆ ఆదాయంలో వాటా ఎంత? పర్యాటకం ఊరికి మేలు చేసిందో లేదో తేల్చడానికి వచ్చినవారి సంఖ్య చాలదు. ఊళ్లో మిగిలిన డబ్బు, మిగిలిన నీరు, చెడకుండా ఉన్న రాయి కూడా చూడాలి.

మన దగ్గర ఏం చేయవచ్చు?

వళ్లిమలై జైన గుహలు రక్షిత కట్టడాలు. వాటిలో బస చేయడం కుదరదు, కుదరకూడదు కూడా. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. శాసనం పక్కన పేరు గీకితే వెయ్యేళ్ల అక్షరం పోతుంది. తిరిగి రాదు.

గుహను చూడాలి, బస ఊళ్లో చేయాలి. ఇంటివారే నడిపే హోమ్‌స్టేలకు కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు నమోదు చేసుకునే వీలుంది. అతిథికి మన ఇంటి భోజనం, గుడియాత్తం చేనేత లుంగీ, మన పిల్లవాడి మాటల్లో కొండ కథ దొరికితే, రూపాయి ఊరి చేతుల్లోనే తిరుగుతుంది. తెలంగాణలోని పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ ఆకర్షణ పెద్ద హోటల్ కాదు, మగ్గం.

తల్లిదండ్రులకు ఒక మాట

చరిత్ర చదివితే ఉద్యోగం రాదని పిల్లలను వెనక్కి లాగకండి. తమిళం, తెలుగు, ఇంగ్లీషు మాట్లాడగలిగి, శాసనం గురించి నాలుగు మాటలు సరిగ్గా చెప్పగల యువకుడికి ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మన ప్రాంతంలో పని ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మన పిల్లలకు ఆ పెట్టుబడి ఇప్పటికే ఉంది.

మీరు చేయవలసిన పని

1. మీ ఊరి దగ్గర ఉన్న ఒక పాత గుడి, గుహ లేదా చెరువు గురించి మీ తాతయ్యను, అమ్మమ్మను అడిగి ఒక పేజీ రాయండి.
2. అక్కడికి ఒక అతిథి వచ్చి ఒక రోజు ఉంటే ఏమేమి ఖర్చు చేస్తాడో పట్టిక వేయండి. ఊరికి మిగిలేది ఏది, బయటికి పోయేది ఏది గుర్తించండి.
3. ఆ అతిథికి ఎన్ని బిందెల నీళ్లు కావాలి? వేసవిలో ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

మూడో ప్రశ్నకు జవాబు దొరకకపోతే గదులు కట్టవద్దు. ముందు నీటి సంగతి చూద్దాం.