సందేహాలు - సమాధానాలు: కంది చేలో జంట లెక్క

ప్రశ్న: కంది కొనలు తుంచితే పక్క కొమ్మలు లేచి కాపు పెరుగుతుందంటారు. వచ్చే వానాకాలం 8 మంది రైతుల చేలలో చూద్దామనుకుంటున్నాం. ఒక్కో చేనులో అర ఎకరం తుంచుతాం, పక్క అర ఎకరం వదిలేస్తాం. లెక్క నేర్చుకోవడానికి కొన్ని తేడాలు ఊహించి వేసుకున్నాను, కిలోల్లో: +40, +25, -10, +60, +15, +35, -5, +150. పెయిర్డ్ టి-టెస్టులో తేడా ఉన్నట్టు తేలలేదు. ఆరు చేలలో పెరిగినా ఇలా ఎందుకు?
– వ్యవసాయ విద్యార్థిని, తాండూరు

సమాధానం: దెబ్బ కొట్టింది ఆ 150. దానివల్ల సగటు తేడా 38.75 కిలోలకు పెరిగింది కానీ అంకెల మధ్య ఎగుడుదిగుడు అంతకు మించి పెరిగింది. అందుకే టి విలువ 2.17 దగ్గరే ఆగింది. 8 జతలకు 5 శాతం స్థాయిలో అది 2.365 దాటాలి. అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపిన చేనే మీ లెక్కను పడగొట్టింది!

నిజమైన చేలలోనూ ఇలాంటి అంకె రావచ్చు. తాండూరు నల్లరేగడి లోతు చేను చేనుకూ మారుతుంది. పూత మీద ఒక్క తడి అందిన చేనులో రెండు సగాలూ విరగకాసి, వాటి మధ్య తేడా కూడా పెద్దదవుతుంది.

ఇలాంటి చోటికే విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్టు. పురుగుమందుల పరిశోధనలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్ విల్‌కాక్సన్ 1945లో దీన్ని ప్రచురించాడు. ప్లస్, మైనస్ గుర్తులు పక్కన పెట్టి తేడాలను చిన్నదాని నుంచి పేర్చండి. 5కి ఒకటో ర్యాంకు, 10కి రెండు, అలా 150కి ఎనిమిది. ఆ 150 బదులు 70 వచ్చినా ర్యాంకు ఎనిమిదే. ఇప్పుడు గుర్తులు తిరిగి పెట్టండి. మైనస్ ర్యాంకుల మొత్తం 3, ప్లస్‌వి 33.

తుంచడంతో ఒరిగేది ఏమీ లేకపోతే ప్రతి తేడా ప్లస్ కావడానికీ మైనస్ కావడానికీ సమాన అవకాశం. 8 జతలకు మొత్తం 256 రకాల అమరికలు. ఏదో ఒకవైపుకు ఇంతగానో, ఇంతకన్నా ఎక్కువగానో మొగ్గేవి వాటిలో పదే. అంటే పి విలువ 0.039. అది 0.05 లోపే కాబట్టి తేడా ఉన్నట్టే.

అయితే గుర్తులు మాత్రమే లెక్కపెట్టే సైన్ టెస్టు చేస్తే పి విలువ 0.29 వస్తుంది. అవే అంకెలకు మూడు టెస్టులు మూడు మాటలు చెబుతున్నాయి కదా! నచ్చిన జవాబిచ్చిన టెస్టును ఏరుకోకండి. ఏ టెస్టు చేస్తారో విత్తనం వేయకముందే రాసి పెట్టండి. తేడాలు వాటి మధ్య విలువకు ఇరువైపులా దాదాపు సమంగా పరుచుకుంటాయని విల్‌కాక్సన్ టెస్టు అనుకుంటుంది. ఆ నమ్మకం లేకపోతే సైన్ టెస్టే నయం. ఏ సగం తుంచాలో రైతుకు వదలకుండా బొమ్మా బొరుసూ వేసి తేల్చండి.

ప్రశ్న: ఐదుగురు రైతుల చేలలో పాత రకం, కొత్త రకం పక్కపక్కనే వేయించాం. అందరికీ కొత్తదే ఎక్కువ పండింది. విల్‌కాక్సన్ టెస్టు చేస్తే పి విలువ 0.05 లోపు రాలేదు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, వికారాబాద్

సమాధానం: లెక్కలో తప్పు లేదు, జతలే చాలలేదు. ఐదు జతలకు అమరికలు 32. అన్నీ ఒకవైపే ఉన్నా రెండువైపుల పి విలువ 2/32, అంటే 0.0625. అంతకంటే కిందికి దిగదు. ఆరో రైతు కూడా ఉండి ఆయన చేనూ అటే మొగ్గితే 0.031 అవుతుంది. ఒక్క చేను అటూ ఇటూ అయినా తట్టుకోవాలంటే పది పన్నెండు జతలైనా చూసుకోండి. కొత్త రకం కొందరు, పాత రకం వేరే కొందరు వేస్తే అది జతే కాదు. అప్పుడు మాన్-విట్నీ టెస్టు చేయాలి.