తలాంతు, అమానతు, పిడికెడు బియ్యము

తెలుగు బైబిలులో 'తలాంతు' అను మాట కలదు. మొదట అది వెండిబంగారముల తూనికకు, ధనపు లెక్కకు వాడిన పేరు. మత్తయి సువార్త 25వ అధ్యాయములో ఒక యజమానుడు ప్రయాణమై పోవుచు ముగ్గురు సేవకులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించును. ఇద్దరు వ్యాపారము చేసి రెట్టింపు చేయుదురు. మూడవవాడు తనదానిని భూమిలో పాతిపెట్టి, అడిగిననాడు తిరిగి తెచ్చియిచ్చి, చీవాట్లు తినును. ఆంగ్లములో ప్రతిభను 'టాలెంటు' అనుట ఈ కథనుండియే వచ్చినది. మనకున్నది మనది కాదు, అప్పగింపబడినది, దానికి లెక్క చెప్పవలెను అను భావమును తెలుగు క్రైస్తవులు 'గృహనిర్వాహకత్వము' అందురు. మా ఇండ్లలో దీనికి దగ్గరి మాట 'అమానతు'. జకాతుగా ఇచ్చు నూటికి రెండున్నర వంతు పేదల హక్కే గాని ఇచ్చువాని దయ కాదని మాకు చిన్ననాడే నేర్పుదురు.

అమీర్‌పేటనుండి పంజాగుట్టకు వచ్చిపోవు మన విద్యార్థులు నిమ్స్ ఆసుపత్రిని దినదినము చూచుచుందురు. అది నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలైనది. ఇట్టివి చూచి, ఇచ్చుట కలవారి పని అనుకొనుట సహజము. అట్లు కాదని చూపిన ఉదాహరణము ఆ నిజాం రాజ్యములోనే, డోర్నకల్లులో కలదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించిన తమిళుడు. ఆయన 1909లో డోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పు అయ్యెను. ఆయన సంఘములో అత్యధికులు మాల మాదిగ కూలీలు. విదేశీ మిషనుల సొమ్ముతోనే వారి బడులు, గుడులు నడుపుట సులభము. ఆయన ఆ సులభమార్గముతో తృప్తి పడక, వారికి ఇచ్చుట నేర్పెను. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఆ బియ్యము గుడికి చేరును. రూక కనబడని ఇంటను గింజలుండును గదా! విశ్వాసమును పంచుట కూడ జీతము తీసికొను బోధకుల పని మాత్రమే కాదని, సాక్ష్యమిచ్చు వారములు జరిపి సామాన్య సంఘస్థులనే ఊళ్ళకు పంపెను.

దీనిపై అభ్యంతరములు లేకపోలేదు. మతాంతరీకరణ విషయమున 1930లలో గాంధీజీకిని ఆయనకును తీవ్రమైన భేదముండెను. అరకడుపు తినువాని ఇంట పిడికెడు తీయించుట న్యాయమా అని నాకును తోచినది. కాని ఆ పిడికెడు తీసిన స్త్రీని ఆనాటి ఊరిలో దాత అన్నవారు లేరు. ఆ గుడిలో ఆమె దాత. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్లు పెద్దగుడిలో దేవాలయ స్తంభములను, మసీదు గుమ్మటములను తలపించు కట్టడము చూడవచ్చును. నాకు ఆ గుమ్మటములకన్న ఆ బియ్యపు కుండయే గొప్పగా తోచును.

ఈ కథ తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థి లేచి, "మూడవవాడు దొంగిలించలేదు గదా సార్, ఉన్నది ఉన్నట్లే తిరిగి ఇచ్చినాడు. అతని తప్పేమిటి?" అని అడిగెను. అతడు ఫీజు రాయితీపై చదువుకొనువాడు. ఉర్దూ, తెలుగు రెండును చక్కగా వ్రాయును. "మీ గల్లీలో దరఖాస్తు వ్రాసికొనలేనివారు ఎందరున్నారు?" అని నేను అడిగితిని. కొంతసేపు వ్రేళ్ళు మడిచి లెక్కించి, "రేపు చెప్పుతాను సార్" అని కూర్చుండెను.